తనిఖీ రోజున పోయిన పైపు

నరసింహన్ ఆ ఉదయం ఎనిమిదింటికే శిక్షణ కేంద్రానికి చేరుకున్నారు. పదకొండింటికి తనిఖీ అధికారి వస్తారు. కోయంబత్తూరు శివార్లలోని ఆ కేంద్రంలో ఆయన పద్దెనిమిదేళ్లుగా ప్లంబింగ్ నేర్పుతున్నారు. గీసిన గీత మీదే పైపు పోవాలి, చెప్పినచోటే వంపు తిరగాలి. సొంత తెలివి చూపినవాళ్లకు చీవాట్లే. ఇప్పుడేమో పిల్లల్లో సృజన కనబడని తరగతులను మూసేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. సృజన అంటే ఏమిటా అని ఆయన మూడు రోజులు ఆలోచించారు. అన్నం సహించకుండా పోయింది తప్ప సంగతి తేలలేదు.

చివరికి పిల్లల ముందు నిలబడి, "ఇదో, మీకేమి తోస్తే అది చెయ్యండి. నన్ను అడగొద్దు. అడిగితే అది నా బుద్ధి అయిపోతాది" అన్నారు.

"పైపు ఎక్కడ తీసుకునేది సార్?" అంది కృత్తిక. మేట్టుపాళయం పిల్ల, తండ్రికి వక్కతోట ఉంది.

"అడగొద్దని చెప్తిని కదమ్మా!"

ఆమె ఇంక అడగలేదు. సామాన్ల గదికి తాళం వేసి ఉంది. వెనకగోడ మీద సిబ్బంది బాత్రూముకు నీళ్లు తెచ్చే పైపు కనిపించింది. పదకొండింటిలోగా మళ్లీ బిగించేద్దామని వాల్వు మూసి, దాన్ని కోసి పట్టుకుపోయింది.

అధికారి సుందరమూర్తి పదింటికే దిగారు. ప్రిన్సిపాల్ లక్ష్మమ్మాళ్ కంగారులో ఆయనకు వరసగా మూడు కాఫీలు ఇప్పించారు. ఆ మర్యాద ఫలితంగా ఆయన తరగతికి కాక బాత్రూముకు వెళ్లారు.

కాసేపటికి లోపలినుంచి తమిళంలో గంభీరమైన కేక వినిపించింది. "తణ్ణి వరలే!"

నీళ్లు రావడం లేదు. నరసింహన్ వెనకగోడ దగ్గరికి పరుగెత్తారు. గోడ మీద క్లాంపులున్నాయి, పైపు లేదు.

"ఎవరమ్మా కోసింది?"

"నేనే సార్."

"శీఘ్రం తిరిగి పెట్టు!"

"ముక్కలు చేసేస్తిని సార్."

లక్ష్మమ్మాళ్ నీళ్ల బకెట్‌తో పరుగున వచ్చారు. అధికారి తలుపు తీసే స్థితిలో లేరు. పై కిటికీలో బకెట్ పట్టదు. నరసింహన్‌కు మూతబడ్డ తరగతి కళ్లముందు కనిపించింది.

"నేను చేసింది ఉండాది సార్" అంది కృత్తిక భయంభయంగా. కాలితో తొక్కితే డ్రమ్ములోని నీటిని లాగి దూరానికి చిమ్మే పంపు అది. కొండవాలు మీది వక్కమొక్కల కోసం చేసింది. పంపును ఆ బకెట్‌లో దించి, గొట్టాన్ని కిటికీలో దూర్చింది. నరసింహనే తొక్కారు. ప్రాణభయంతో తొక్కారు గనక, నీళ్లు కొండ ఎక్కేంత జోరుగా వెళ్లాయి.

"అమ్మమ్మా! చాలు, చాలు! నిలపండిరా!"

ఈసారి కేక అచ్చమైన ఇంటి తెలుగులో వచ్చింది.

తల నుంచి బూట్ల దాకా తడిసిన సుందరమూర్తి బయటికొచ్చారు. కళ్లద్దాలు తుడుచుకుని పంపు చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"ఎవరు చేసింది ఇది?"

"ఈ పిల్ల సార్" అన్నారు నరసింహన్, చేతులు కట్టుకుని. "తప్పు మాత్రం నాది. నేనేమీ చెప్పియ్యలేదు."

"అదే దా కావాల్సింది! పోయిన చోటంతా థర్మాకోల్ బొమ్మలు చూపిస్తా ఉండారు. ఆపదకు పనికొచ్చింది ఇది ఒకటే."

తడి చేత్తోనే నివేదిక రాశారు: నిజమైన ఇబ్బందిని కల్పించి, విద్యార్థుల చేతే పరిష్కరింపజేసిన ఈ ఉపాధ్యాయుడు ఆదర్శప్రాయుడు, జిల్లా అంతటా ఇదే పద్ధతి పాటించాలి.

తరగతి నిలిచింది. నరసింహన్ ఆ రోజు రెండుసార్లు అన్నం వడ్డించుకున్నారు.

అప్పటినుంచి ఆ జిల్లాలో తనిఖీకి వెళ్లే అధికారులు అన్ని పనులూ ఇంట్లోనే ముగించుకుని బయలుదేరుతున్నారు.