సాంసన్ ఇంటి ఫైర్‌వాల్ గేటు

మిర్యాలగూడ రైస్ మిల్లు గేటు దగ్గర సాంసన్ మాటంటే మాటే. వడ్ల సీజన్లో ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరినా సరే, టోకెన్ లేనిదే చక్రం లోపలికి దొర్లదు. ఎవరైనా బతిమిలాడితే తల కూడా ఎత్తకుండా "లైన్ల ఉండు. నీ నంబర్ వచ్చినప్పుడు పిలుస్త" అంటాడు. అంతటి గేటు ఇన్‌చార్జి ఇంట్లో పచ్చడి సీసా మూత రాకపోతే మాత్రం భార్య గ్రేస్‌ను కేకేస్తాడు.

పొద్దంతా లారీలు ఆపిన మనిషి సాయంత్రం ఏం చేస్తాడంటారు? కంప్యూటర్ ముందు కూర్చుని లారీ నడుపుతాడు. అదొక ఆన్‌లైన్ ఆట. కోదాడ నుంచి బామ్మర్ది నాని, సూర్యాపేట నుంచి తోడల్లుడు మత్తయ్య తలో లారీ వేసుకొస్తారు. నాని తన కంప్యూటర్‌లో ఆట పెడితే మిగతా ఇద్దరూ అందులోకి వచ్చి చేరతారు. ముగ్గురూ కబుర్లాడుతూ, ఒకరినొకరు గుద్దుకుంటూ సరుకు చేరవేస్తారు. కిరాయి రాదు, డీజిల్ పోదు.

దీనికి అడ్డుచెప్పే నాథుడు లేడు. గ్రేస్ పెద్దవూర బడిలో టీచరు. సాంసన్ ఐదింటికి ఇల్లు చేరితే, ఆమె బస్సు దిగేసరికి ఏడవుతుంది. ఆ రెండు గంటలూ ఇంటికి అతనే మహారాజు.

ఒకరోజు మత్తయ్య ఆట మధ్యలో పుల్ల పెట్టాడు.

"ఎప్పుడూ నాని కంప్యూటర్‌లకే మనం పోవుడేనా సాంసనూ? పేరుకు గేటు ఇన్‌చార్జివి. ఒక్కసారన్న మమ్ముల్ని నీ ఇంటికి పిలువరాదు?"

"ఆదివారం మూడింటికి మా గేటు నుంచే బయల్దేరుదాం అన్నా. నాది జిమ్మా!" అన్నాడు సాంసన్.

అన్నాడు గానీ, మర్నాటి నుంచి ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ గేటు తెరుచుకోలేదు. కంప్యూటర్‌కు కాపలా ఉండే ఫైర్‌వాల్ బయటివాళ్లెవరినీ లోపలికి రానివ్వడం లేదు. నాని లారీ గడప దాకా వచ్చి ఆగిపోయేది. మత్తయ్య నవ్వు మాత్రం ఫోన్‌లోంచి నేరుగా లోపలికి వచ్చేది.

ఆదివారం రానే వచ్చింది. చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక గ్రేస్ చాప పరిచింది.

"ఇయ్యాల ఐదింటి వరకే టైము. బదిలీకి ఆప్షన్లు పెట్టాలె. ఏ బడి ముందు పెట్టాల్నో ఇప్పటికి తేలింది. జర నడుం వాల్చి లేస్త, కంప్యూటర్ జోలికి పోకు."

"నేనెందుకు పోత?" అన్నాడు సాంసన్. ఆమె కళ్లు మూతపడగానే పోయాడు.

హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఫైర్‌వాల్ తెరిచాడు. ఇదీ గేటే కదా అనుకున్నాడు. మిల్లులో ఓనరు లారీ వస్తుందంటే ఒక పద్ధతుంది. ముందు అందరికీ అడ్డకర్ర దించాలి, లోపలివాడు లోపలే, బయటివాడు బయటే. ఆ తర్వాత ఓనరు లారీ ఒక్కదానికే దారి ఇవ్వాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఊరికే పోతుందా! లోపలికి వచ్చేవన్నీ బంద్, బయటికి పోయేవన్నీ బంద్ అని పెట్టాడు. లారీ ఆట ఒక్కదానికి రానూపోనూ అనుమతి ఇచ్చాడు.

నిజంగానే మార్చమంటావా అని కంప్యూటర్ అడిగింది.

"నన్నే అడుగుతవా?" అని నొక్కేశాడు.

నాని లారీ వచ్చింది. వెనకాలే మత్తయ్య లారీ వచ్చింది. సాంసన్‌కు కళ్లు చెమర్చాయి. సరిగ్గా బయల్దేరే సమయానికి వెనక చాప మీద గాజులు గలగలమన్నాయి. ఆటను తెర మీద నుంచి చటుక్కున దించేసి, హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నవ్?"

"నీ కోసమే. దుమ్ము తుడుస్తున్న."

గ్రేస్ కూర్చుని బదిలీల పేజీ తెరిచింది. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కింది. ఏ పేజీ నొక్కినా తెల్లటి తెరే.

"ఏందయ్యా, ఏదీ వస్తలేదు?"

"ఇంటర్నెట్ పోయినట్టున్నది" అన్నాడు సాంసన్. పాపం, అతనూ అదే నమ్మాడు.

ఫోన్‌లో ప్రయత్నించింది. అందులో పేజీ సగమే కనిపించింది, సేవ్ చేసే బటన్ మిగతా సగంలో ఉండిపోయింది. గడియారం నాలుగు దాటింది. గ్రేస్ గొంతు మారింది.

"ఇయ్యాల పోతే మళ్ల బదిలీలు ఎప్పుడో ఏమో. ఆ బస్సుల నిలబడి నిలబడి నా మోకాళ్లు అరిగినయి. ఇగ అన్నేండ్లూ పెద్దవూర బస్సేనా?"

చలికాలం చీకట్లో టిఫిన్ డబ్బా పట్టుకుని ఆమె బస్టాండుకు పరుగెత్తడం సాంసన్‌కు తెలియనిదా? ఆట సంగతి క్షణంలో మరిచిపోయాడు.

"పరేషాన్ గాకు. బండి తీస్త, బస్టాండ్ కాడ ఏదో ఒక నెట్ సెంటర్ తెరిచి ఉంటది" అంటూ తాళాల కోసం ఉరికాడు. ఆ ఉరకడంలో హెడ్‌ఫోన్ వైరు కాలికి తగిలి ఊడొచ్చింది.

"బావా!" అని స్పీకర్లోంచి నాని గొంతు ఖంగుమంది. "గేటు దగ్గర లారీ పెట్టి ఎటెళ్లిపోయారు? గంట నుంచి హారన్ కొడుతున్నాం!"

వెంటనే మత్తయ్య గొంతు. "గేటు తెరిచి ఇన్‌చార్జి పారిపోయిండు!"

గ్రేస్ మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఇంటర్నెట్ పోయిందంటివి. మా తమ్ముడు కోదాడ నుంచి నడ్సి వచ్చిండా?"

సాంసన్ తాళాలు జేబులో వేసుకుని మొత్తం చెప్పేశాడు. ఓనరు లారీ, అడ్డకర్ర, ఏదీ దాచలేదు.

"సరే" అంది గ్రేస్. "మీ ఓనర్ లారీ లోపలికి పోయినంక ఏం చేస్తరు?"

"అడ్డకర్ర లేపుతం."

"మరి లేపినవా?"

సాంసన్ కీబోర్డు ఆమె ముందుకు జరిపాడు.

"అక్కా, ఏం కాదు, కంగారు పడకు" అన్నాడు స్పీకర్లోంచి నాని. "బయటికి వెళ్లేవన్నీ అనుమతించు అని మార్చు. ఆటకి బావ ఇచ్చిన అనుమతి అలాగే ఉండనీ, అదొక్కటీ కరెక్టుగానే చేశారు."

గ్రేస్ మార్చింది. పేజీ తెరుచుకుంది. మొదటి ఆప్షన్ మిర్యాలగూడలోనే, సాంసన్ మిల్లు వెనక సందులోని బడి. సేవ్ అయినట్టు తెర మీద పచ్చటి టిక్కు పడగానే సాంసన్ రెండు చేతులూ జోడించాడు.

"ప్రభువా, గట్టెక్కించినవ్!" అన్నాడు పైకే. గ్రేస్ నవ్వింది.

కొద్దిరోజులకు ఆర్డరు వచ్చింది. కోరుకున్న బడే దక్కింది. సాంసన్ మిల్లు గేటు దగ్గర మిఠాయి పంచాడు. ఆ రోజు టోకెన్ లేకుండా వచ్చిన డ్రైవర్‌ను తిట్టకుండా, లడ్డూ చేతిలో పెట్టి మరీ వెనక్కి పంపాడు.

గ్రేస్ కొత్త బడిలో చేరిన సోమవారం, సాంసన్ ఐదింటికి ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. గడపలోనే లారీ హారన్ వినిపించింది. లోపల గ్రేస్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

"నానీ, నువ్వు ముందు పో. మత్తయ్య బావను నేను సూసుకుంట" అంటోంది.

తన రెండు గంటల రాజ్యాన్ని ఇన్నాళ్లూ నిలబెట్టింది పెద్దవూర బస్సేనని సాంసన్‌కు అప్పుడు తెలిసొచ్చింది. ఆ బస్సు తప్పిందని మిఠాయి పంచిందీ తనే.

"గ్రేసూ" అన్నాడు నెమ్మదిగా. "జర లేస్తవా? నా లారీ..."

ఆమె తల కూడా ఎత్తలేదు.

"లైన్ల ఉండు. నీ నంబర్ వచ్చినప్పుడు పిలుస్త."