కదలకూడని మనిషి

ఆ పొద్దున స్టోరు కీపరు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా తన భార్యా, తన మేనేజరూ ఒకరికొకరు ఎదురుపడకూడదు. అంతే.

ఆయన పనిచేసే నీళ్ళ పంపుల కంపెనీలో ఆ రోజు ప్రథమ చికిత్స పోటీ. హెడ్డాఫీసు నుంచి ఒక నర్సమ్మ వచ్చి మార్కులు వేస్తుంది, బాగా చేసిన బ్రాంచికి షీల్డు ఇస్తుంది. ఇంట్లోవాళ్ళను కూడా తీసుకురమ్మని గోడ మీద నోటీసు అంటించారు. ఆ నోటీసు సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు.

"ఇస్త్రీ చొక్కా వేశారు, ఇవాళేమైనా విశేషమా?" అంది భార్య.

"మా మేనేజరు ఉండగా విశేషాలు కూడానా? రోజూ ఉండే చాకిరీయే," అని, ఇంకో ప్రశ్న పడకముందే బూట్లలో కాళ్ళు దూర్చాడు. ఆ తొందరలో క్యారేజీ బల్ల మీదే ఉండిపోయింది.

ఆయన భయానికి కారణం ఉంది. కొన్నాళ్ళ కిందట నిద్రలో మెలకువ వచ్చి చూస్తే చెయ్యి కదల్లేదు, కాలు కదల్లేదు, నోరు పెగల్లేదు. గుండెల మీద ఎవరో బాసింపట్టు వేసుకుని తీరిగ్గా కూర్చున్నట్టుంది. కాసేపటికి దానంతటదే వదిలింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. తర్వాత మేనమామ ఇంటికి వచ్చినట్టు చనువుగా వస్తూనే ఉంది. మోటార్లు ఒంటిచేత్తో ఎత్తి అటక మీద పెట్టే మనిషి, అంత మీసమున్న మనిషి, పడుకోవాలంటే భయమేస్తోందని ఎవరితో చెప్పుకుంటాడు?

అందుకని అసలు నిద్రే పోకూడదనుకున్నాడు. కాఫీ మీద కాఫీ తాగాడు. బకెట్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఎంత కూర్చున్నా ఎప్పుడో ఒకప్పుడు తల వాలేది, అది వచ్చి కూర్చునేది.

కళ్ళు గుంటలు పడ్డాయేమని భార్య అడిగింది. "మేనేజరు రాత్రిళ్ళు కూడా స్టాకు లెక్కలు తేల్చమంటున్నాడు," అన్నాడు. బకెట్టెందుకని అడిగితే, కాళ్ళు చల్లగా ఉంటే లెక్క తప్పదన్నాడు. అదే కళ్ళ సంగతి మేనేజరు అడిగాడు. "మా ఆవిడ గురక సార్. కిటికీ రెక్కలు అదురుతాయి," అన్నాడు. రెండబద్ధాలూ రెండిళ్ళలో హాయిగా కాపురం చేస్తున్నాయి. ఆఫీసంతా ఆయన మీద జాలిపడింది. రిసెప్షనిస్టు అయితే చెవుల్లో పెట్టుకోమని కట్ట దూది కొనిచ్చింది.

పోటీ మొదలయ్యే వేళకు దెబ్బ తగిలినట్టు పడుకునే మనిషి కావాల్సి వచ్చాడు. కిందటేడు పడుకున్న గుమాస్తా చక్కిలిగిలికి కిసుక్కున నవ్వాడు, షీల్డు పోయింది. మేనేజరు ఆ అవమానం మర్చిపోలేదు. అందరి ముఖాలూ చూసి స్టోరు కీపరు దగ్గర ఆగాడు.

"నువ్వు పడుకోవయ్యా. నీ ముఖానికి రంగు కూడా పూయక్కర్లేదు."

"నేనా సార్? పడుకోవడం నా వల్ల..."

"పడుకోవడం చేతకాని మనిషుంటాడా? ఏం జరిగినా కదలకు. నువ్వు కదిలితే షీల్డు కదిలిపోతుంది."

చాప మీద పడుకుని, నిద్ర రాకుండా నాలుక కొరుక్కుంటూ కాసేపు పోరాడాడు. కాని పైన ఫ్యాను, కింద మెత్తని చాప, చుట్టూ సుతారంగా కట్లు కట్టే చేతులు. కాళ్ళకు కర్ర బద్దలు కట్టారు, మెడకు పట్టీ వేశారు, తలకు గుడ్డ చుట్టారు. ఈలోపే ఆయన నిద్రలోకి జారిపోయాడు.

ఒక గొంతు విని మెలకువ వచ్చింది. భార్య గొంతు.

"అయ్యో, ఏమైందండీ ఈయనకి? క్యారేజీ మర్చిపోతే ఇద్దామని వచ్చాను."

లేవబోయాడు. లేవలేదు. కళ్ళు మాత్రం తెరుచుకున్నాయి. గుండెల మీద మామూలు చుట్టం వచ్చి కూర్చుంది, పట్టపగలు, అందరి ఎదుట.

"ఏం కాలేదు వదినా, ఉత్త నటన," అంది రిసెప్షనిస్టు. తర్వాత గొంతు తగ్గించింది. "మీరేం మనసులో పెట్టుకోకండి. అది మన చేతుల్లో ఉండేది కాదు కదా."

"ఏది?"

"గురక."

"ఎవరి గురక?"

"సిగ్గుపడక్కర్లేదమ్మా," అన్నాడు మేనేజరు. "ఇప్పుడు దానికి మంచి వైద్యం ఉంది. పాపం, మనిషి చిక్కి సగమయ్యాడు."

"చిక్కరూ మరి? రాత్రిళ్ళు కూడా లెక్కలు చూడమని చంపుతున్నది మీరు కాదూ?"

"నేనా? అయిదు కొట్టగానే స్టోరుకు తాళం వేయించేది నేనేనమ్మా."

అందరూ చాప వంక చూశారు. భూమి తనను మింగితే బాగుండునని స్టోరు కీపరుకు అనిపించింది. మింగినా కాళ్ళ బద్దలు అడ్డంపడేలా ఉన్నాయి. చెప్పుకోవడానికి నోరు లేదు, ముఖం దాచుకోవడానికి చెయ్యి లేవదు. కంటి కొస నుంచి నీటి చుక్క జారి చెవిలోకి పోయింది.

"రెప్ప కూడా వేయడం లేదు," అంది నర్సమ్మ మెచ్చుకోలుగా. "కన్నీళ్ళు కూడా పెడుతున్నాడు. బాగా నేర్పారండీ."

మేనేజరు ఛాతీ విరుచుకున్నాడు.

భార్య ఆ కన్నీటిని చూసింది. ఇంకేమీ అడగకుండా ఆయన పాదాల దగ్గర కూర్చుంది. మేజోడు లాగింది. దానికి చిల్లు ఉంది, అదీ అందరూ చూశారు. బొటనవేలు పట్టుకుని మెల్లగా వంచింది.

"దించండి, దాన్ని నా గుండెల మీంచి దించండి!" అంటూ స్టోరు కీపరు బద్దలతో సహా లేచి కూర్చున్నాడు. అందరూ భార్య వంక అనుమానంగా చూశారు.

"నేను కాదండీ," అంది ఆవిడ. "రోజూ ఇంతే. కళ్ళు తెరుచుకుని బిగుసుకుపోతారు. చీకట్లో మెల్లగా వేలు వంచితే వదులుతుంది. అది ఎప్పుడొస్తుందో తెలీక నేనూ నిద్రపోవడం మానేశాను."

"నీకు తెలుసా?" అన్నాడు ఆయన.

"చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు కదా అని ఊరుకున్నాను. ఆ సిగ్గు తీసుకొచ్చి ఆఫీసులో నా నెత్తిన పెడతారని తెలీదు."

ఆయన తల వంచుకోబోయాడు. మెడపట్టీ వంచనివ్వలేదు. అందుకని అందరినీ చూస్తూనే చెప్పాల్సి వచ్చింది. "ఆవిడ గురక పెట్టదు. సార్ లెక్కలు ఇవ్వలేదు. నాకు నిద్రంటే భయం."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఒళ్ళింకా నిద్రలో ఉండగా మనసు ముందే లేస్తే ఇలా అవుతుంది," అంది నర్సమ్మ. "చాలామందికి వచ్చేదే. నిద్ర మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది. వేళకు పడుకోండి, పక్కకు తిరిగి పడుకోండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి."

మేనేజరు వంగి బద్ద విప్పుతున్నట్టు నటిస్తూ చెవిలో అన్నాడు. "నాకూ వస్తుందయ్యా. నేను లైటేసుకుని పడుకుంటా. ఎవరికీ చెప్పకు."

షీల్డు ఆ బ్రాంచికి రాలేదు. పడుకున్న మనిషికి నిజంగానే బాగోలేదని ఇంతమందిలో కనిపెట్టింది ఒక్కరేనని చెప్పి, నర్సమ్మ దాన్ని క్యారేజీ తెచ్చినావిడ చేతిలో పెట్టింది.

ఇప్పుడది వాళ్ళ పడకగదిలో ఉంది. దాని కింద స్టోరు కీపరు పక్కకు తిరిగి, వేళకు నిద్రపోతున్నాడు. ఎప్పుడైనా ఆ చుట్టం వచ్చినా బొటనవేలు కదపడం తనే నేర్చుకున్నాడు. చిక్కల్లా ఒక్కటే. కడుపునిండా నిద్రపోవడం మొదలయ్యాక కిటికీ రెక్కలు నిజంగానే అదురుతున్నాయి. కళ్ళు గుంటలు పడిన భార్య ఓ రోజు ఉండబట్టలేక ఆ మాట రిసెప్షనిస్టుకు ఫోన్ చేసి చెప్పుకుంది.

"ఊరుకోండి వదినా, మీ ఇంట్లో గురక మాట ఇంకెవరు నమ్ముతారు?" అని, ఆ అమ్మాయి సాయంత్రం కట్ట దూది పంపించింది.