పేస్టు చిందిన మరమనిషి

ఆ ఉదయం బొమ్మలాయన అనుకున్న పని చిన్నదే. పత్రికలో వచ్చే తన బొమ్మల సీరియల్లో, మరమనిషి ఒక్క గుద్దుతో కొండను పిండి చేసే ఆ వారం చివరి పేజీలో నిప్పురవ్వలు చిమ్మి, పన్నెండింటికి ఎడిటరు చేతిలో పెట్టాలి. కానీ ఒక్క నట్టు తప్పుగా గీసినా, పాఠకుల్లో ఉన్న మెకానిక్కులు బస్తాలకొద్దీ ఉత్తరాలు రాస్తారు. "ఇంకొక్క ఉత్తరం వచ్చిందా, నీ సీరియల్ ఆపేస్తా" అని ఎడిటరు తేల్చి చెప్పేశాడు. అందుకే బొమ్మలాయన, లారీలు బాగుచేసే బావమరిదిని ముందురోజే ఇంటికి పిలిపించుకున్నాడు.

బావమరిది పేస్టు వేసుకున్న బ్రష్షుతోనే వచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి, మరమనిషి మోచేతి మీద వేలు ఆనించాడు. "బావా, ఈ బోల్టు ఒక్క గుద్దుకే ఊడుతుంది."

నిప్పురవ్వలంటే పాత పళ్ళబ్రష్షును తెల్లరంగులో ముంచి బొటనవేలితో చిమ్మడమే. బొమ్మలాయన పేజీ మీద నుంచి చూపు తిప్పకుండా, చేతికందిన బ్రష్షు తీసి చిమ్మాడు. మరమనిషి ముఖాన ముద్దలు పడ్డాయి.

"అయ్యయ్యో, అది నాది బావా!"

తడిగుడ్డతో తుడిస్తే సిరా కరిగి ముఖమంతా బూడిదరంగయింది. దాన్ని పొగ చేసేశాడు.

"పొగ ఊరికే రాదు బావా. ఆయిల్ కారాలి."

ఆయిల్ కారినట్టు గీశాడు.

"కారితే ఇంజను పట్టేస్తుంది. ఇంక చెయ్యేం లేస్తుంది?"

చెయ్యి దించేశాడు.

"ఏవండీ, వీడు గెలవాలన్నారు కదా?" అంది భార్య గుమ్మంలోంచి.

"మీ తమ్ముణ్ణే అడుగు!"

"ఇంత పొగలో గెలిస్తే వెయ్యి ఉత్తరాలొస్తాయక్కా."

పన్నెండయ్యేసరికి పేజీలో కొండ కులాసాగా నిలబడి ఉంది. దాని ముందు మరమనిషి చతికిలబడ్డాడు. పొగ ఎంత దట్టంగా కుదిరిందంటే, కిటికీలోంచి చూసిన పక్కింటాయనకు దగ్గొచ్చింది.

ఎడిటరు వచ్చి పేజీ అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. బొమ్మలాయన గుండె జారి అరికాళ్ళలో కొట్టుకుంది.

"ఏమయ్యా, గెలవాల్సినవాడు కూలబడ్డాడేంటి?"

"పాడైపోయాడండీ."

ఎడిటరు భూతద్దం తీసి, ఆయిల్ చుక్క మొదలు ఇంజను దాకా వెతికాడు. "ఇన్నాళ్ళకి నువ్వు గీసిన మిషన్ ఒకటి పద్ధతిగా పాడైందయ్యా! ఇంక ఏ మెకానిక్కూ నోరెత్తడు. సీరియల్ ఆపేది లేదు. ఇంతకీ రిపేరుకి ఎన్నాళ్ళు పడుతుంది?"

బొమ్మలాయన వదిలిన నిట్టూర్పుకు కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి.

"రెణ్ణెల్లు" అన్నాడు బావమరిది.

"ఇంకో నెల వేసుకో నాయనా, అన్నాళ్ళూ సీరియల్ నడుస్తుంది!" అన్నాడు ఎడిటరు.

లారీల షెడ్డులో బావమరిది రోజూ చెప్పే మాటే ఆ రెణ్ణెల్లు. విన్నవాడు సంతోషించడం మాత్రం అదే మొదటిసారి.