పళ్ల డాక్టరు ఎంచిన చేప

పొద్దున్నే చేప కొనేసి, మధ్యాహ్నం భార్య వచ్చేలోగా క్లినిక్‌లోని ఉప్పునీటి అక్వేరియంలో వదిలేసి ఆవిణ్ణి ఆశ్చర్యపరచాలని పళ్ల డాక్టరు పథకం వేశాడు. బొటనవేలంత ముక్కతో మొదలుపెట్టి, మూడేళ్లు కంటికి రెప్పలా కాచి, ఆవిడ అందులో పగడాల తోటే పెంచింది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు.

"బటర్‌ఫ్లై చేపలు చాలావరకు పగడాల్ని కొరుక్కు తినేస్తాయి సార్. చూసి ఎంచుకోండి," అన్నాడు షాపతను.

డాక్టరు జేబులోంచి పళ్లు చూసే చిన్న అద్దం తీసి, గాజుకు ఆనించి, ఒక్కో చేప నోరూ పరీక్షించాడు. "ఈ పొడుగు మూతిది ఇచ్చెయ్. పళ్లు చూడు, కుంచె వెంట్రుకల్లా ఉన్నాయి. ఇదేం కొరుకుతుందయ్యా, మహా అయితే బ్రష్ చేస్తుంది."

తొట్టెలో దిగిన పది నిమిషాలకే ఆ చేప బండ సందులో మూతి దూర్చి, దేన్నో పీకి నమిలింది.

"సార్, మేడమ్ తోటని మేసేస్తోంది," అంది నర్సు.

"కొరికే పళ్లు కావమ్మా అవి. నేను స్వయంగా చూశాను."

"మరి నోట్లోంచి వేలాడుతున్నదేంటి సార్, ఫ్లాస్ చేసుకుంటోందా?"

డాక్టరు వలతో తరిమితే చేప బండ వెనక నక్కింది. బండ జరపబోతే పగడపు కొమ్మ పుటుక్కుమంది. దాన్ని అందుకోబోతే మోచెయ్యి తగిలి మరో నాలుగు విరిగాయి. ఎక్కడ పెట్టాలో తోచక, రోగులు పుక్కిలించే కప్పుల్లో తొట్టె నీళ్లు పోసి, ముక్కకొక కప్పు చొప్పున వేశాడు. చూస్తుండగానే కప్పులు పదకొండయ్యాయి.

మత్తుసూదితో సగం దవడ మొద్దుబారి కుర్చీలో ఉన్న పెద్దాయన, చేతికందిన కప్పెత్తి పుక్కిలించి ఉమ్మేశాడు. "ఉప్పునీళ్లు బానే ఉన్నాయి గానీ, పన్నేదో ఊడొచ్చిందమ్మా."

"అది మీది కాదు బాబాయ్," అంది నర్సు. "మేడమ్‌ది."

సరిగ్గా అప్పుడే మేడమ్ లోపలికొచ్చింది. చేతులు భుజాల దాకా తొట్టెలో ముంచిన మొగుణ్ణీ, బారులు తీరిన కప్పుల్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేను కాదు, అది," అన్నాడు డాక్టరు, చేపను గడ్డంతో చూపిస్తూ. "తోటంతా తినేస్తోంది."

ఆవిడ గాజుకు ముఖం ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత నవ్వు మొదలెట్టి ఆపుకోలేకపోయింది. "అది పగడం జోలికే పోలేదండీ. బండ సందుల్లో కలుపు తింటోంది. ఆర్నెల్లుగా పీకిన కొద్దీ మొలిచి నా ప్రాణం తీస్తున్న కలుపు. బంగారం లాంటి చేపని తెచ్చారు." ఆ తర్వాత కప్పుల వైపు తిరిగింది. "మరి వీటిని విరిచిందెవరు?"

డాక్టరు చొక్కా చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"పోన్లెండి, బండకి అంటు కడితే పదకొండూ బతుకుతాయి," అందావిడ.

సాయంత్రానికి తొట్టెకు మూతా, మూతకు తాళమూ పడ్డాయి. చేప లోపలే ఉంది.