బూడిద రాణి ఎవరిది

మా వదిన కనకవ్వ పదకొండు రోజులకని మా ఇంటికి వచ్చి మూడేళ్లుగా కదలలేదు. ఇది అన్యాయం. ఇందులో రెండో మాటకు చోటు లేదు.

వచ్చింది నా భార్య దినాలకు. దినాలు అయ్యాయి. చుట్టాలు తిన్నారు, చేతులు కడిగారు, బస్సెక్కారు. ఈమె నా భార్యకు అక్క కాబట్టి గిన్నెలు తోముతూ ఉండిపోయింది. తోమడం అయ్యాక పోతుందనుకున్నాను. ఇంకా తోముతూనే ఉంది.

మీరంతా చాయ్ ముందర పెట్టుకుని అడుగుతున్నారు కాబట్టి ఒక్కసారి చెబుతాను.

ఆర్మూర్‌లో రైతుల పసుపు తూచి అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో నలభై ఏళ్లు కాంటా దగ్గర నిలబడిన మనిషిని నేను. తరుగు భూమయ్య అని రైతులు పెట్టిన పేరు. బస్తా తూగాక తడి ఉందని కొంత తీసేవాణ్ని, మట్టి ఉందని కొంత తీసేవాణ్ని. తడీ మట్టీ లేకపోతే, ఇంత మంచి సరుకు నీకెక్కడిదని కొంత తీసేవాణ్ని. ఇంట్లోనూ అంతే. నా భార్య వండినదాంట్లో ముప్పైనాలుగేళ్లు తరుగు తీశాను. పాపం, చివరికి ఆమెలో తీయడానికి ఏమీ మిగల్లేదు.

కనకవ్వలో తీయడానికి చాలా ఉంది. మనిషి గట్టిది. ఉప్పు డబ్బా ఎడమ వైపు ఉండేది, కుడి వైపు పెట్టింది. నేను మళ్లీ ఎడమకు పెట్టాను. ఆమె కుడికి పెట్టింది. ఇట్లా రెండేళ్లు ఆ డబ్బా మా ఇద్దరికంటే ఎక్కువ దూరం నడిచింది.

"గీ కూరల చింతపండు ఎక్కువైంది," అంటాను.

"మా చెల్లె చేసినప్పుడు తక్కువైందంటుంటివి," అంటుంది. తర్వాత నేను తింటాను. ఇంకేం చేయను?

ఆమెను పొమ్మని నోటితో అనడానికి లేదు. బాల్కొండలో ఆమెకు ఉన్నదల్లా చనిపోయిన మొగుడి తమ్ముడి ఇంట్లో ఒక గది. పిల్లలు లేరు. మొన్న పోయినప్పుడు చూశాను, ఆ గదిలో మక్కజొన్న గింజలు పోసుకున్నారు. కప్పు దాకా. మనిషి పడుకోవాలంటే మక్కల మీదే పడుకోవాలి. మక్కలు అమ్ముడుపోతే ఖాళీ అవుతుంది కదా అనుకున్నాను. అనుకోవడానికి ఖర్చు లేదు.

అందుకని ఆమె తనంతట తాను పోయే ఉపాయం కావాల్సి వచ్చింది. అది ఒక డబ్బాలో దొరికింది.

నా బిడ్డ వినోద నిజామాబాద్‌లో ఉంటుంది. దాని కూతురు దీప ఎండాకాలం సెలవులకు వచ్చి బొమ్మల కార్డుల డబ్బా ఒకటి మరిచిపోయి పోయింది. ఇవి మన పేకాట పత్తాల్లాంటివి కావు. ఒక్కో కార్డు మీద ఒక బొమ్మ, దాని బలం ఎంతో ఒక అంకె, కింద చీమల బారులాగా ఇంగ్లీషులో రాత. నీ కార్డు నా కార్డును కొడితే, తక్కువ బలమున్నది చస్తుంది. చచ్చినవాటిని పక్కన కుప్ప వేస్తారు. ఆ కుప్పను దీప స్మశానం అంటుంది. ఎవరి ముందు కార్డులు మిగలవో వాళ్లు ఓడినట్టు. కానీ కింద రాసిన రాతను బట్టి ఈ రూలంతా తలకిందులు కావచ్చు. ఆ రాత రాసినవాడికి కూడా అర్థమై ఉంటుందని నేననుకోను.

దీప ఈ ఆట కనకవ్వకు నేర్పింది. నాకూ నేర్పుతానంది. అవసరం లేదన్నాను. పేపరు అడ్డం పెట్టుకుని నేర్చుకున్నాను.

పిల్ల పోయాక కనకవ్వ రోజూ మధ్యాహ్నం వసారాలో కూర్చుని రెండు వైపులా తానే ఆడుకునేది. ఆమెకు చదువు రాదు. బొమ్మను బట్టి దీప చెప్పింది గుర్తుపెట్టుకుంటుంది. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఇంగ్లీషు కూడా అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. అక్కడే నా బుర్ర పనిచేసింది. నలభై ఏళ్లు చదవరానివాళ్లకు చీటీలు చదివి వినిపించినవాణ్ని. ఉన్నది చదవడం ఎవరికైనా వస్తుంది.

"ఒక ఆట ఆడుదమా, వదినె?" అన్నాను.

ఆమె నా వైపు అనుమానంగా చూసింది. మూడేళ్లలో నేను ఆమెను అడిగిన మొదటి మంచి మాట అది.

"ఉత్తగనేనా?" అంది.

"ఉత్తగ ఎందుకు? ఓడినోళ్లు ఎవలింటికి వాళ్లు పోవాలె."

ఇందులోని పనితనం చూడండి. ఆమె ఓడితే బాల్కొండ. నేను ఓడితే నా ఇల్లు ఇదే, కూర్చున్న చోటి నుంచి లేవనక్కర్లేదు. ఆమె వెంటనే సరేనంది. ఎదుటివాడు వెంటనే ఒప్పుకుంటే కాంటా రాళ్లు మళ్లీ చూసుకోవాలి. ఇది నేను ఎంతోమందికి చెప్పిన మాట. నేను చూసుకోలేదు.

మొదట్లో అంతా నేను చదివినట్టే జరిగింది. ఆమె దగ్గర ఇనుప ఎద్దు ఉంది. వచ్చిన మొదటి వంతులో అది కొట్టకూడదని కార్డు మీద ఉంటే, నాలుగు వంతులు కొట్టకూడదని చదివాను.

"నాలుగు దినాలు పండుకునే ఎద్దును ఎవలన్న కొంటరా?" అంది.

"రాసింది చదివిన."

"గంతేలే. ఇంట్ల ఒకరిని సూస్తనే ఉన్న," అని ఎద్దును పక్కకు పెట్టింది.

తర్వాత ఆమె బూడిద రాణిని దింపింది. ఆ రాణికి బలం తక్కువే. కానీ రాత మాత్రం బలమైనది. ఈ కార్డు చచ్చినప్పుడు దీని ఓనర్ స్మశానంలోంచి ఒక కార్డును వెనక్కి పిలుచుకోవచ్చని ఉంది.

నేను గుడ్డి పడవవాణ్ని వేశాను. వాడు చస్తాడు కానీ, చస్తూ ఎదుటివాళ్ల కార్డు ఒకదాన్ని మన వైపు దాటిస్తాడు. రాణిని నా వైపు లాక్కున్నాను. ఆ తర్వాత ఒకదాన్నొకటి కొట్టుకుంటూ పోగా నా ముందు రాణి ఒక్కతే మిగిలింది. ఆమె ముందు ఇనుప ఎద్దు ఒక్కటే మిగిలింది. దాని నాలుగు వంతుల నిద్ర అయిపోయింది. అది లేచి రాణిని కొట్టింది. రాణి చచ్చింది.

చేయి చాచి స్మశానంలోంచి, అంతకుముందు చచ్చిన నా ఏనుగును తీశాను. ఏనుగు వస్తే ఎద్దు పని అయిపోయినట్టే.

కనకవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"రాణి నాది. పిలుచుకునేది నేను."

"నా దిక్కు వచ్చినంక నాది."

"తెచ్చింది నేను గద, మరిదీ."

ఆమె పిలుచుకుంటే నా ముందు ఏమీ లేదు, నేను ఓడినట్టు. నేను పిలుచుకుంటే ఆమె ఓడినట్టు. మొత్తం ఆట ఓనర్ అనే ఒక్క మాట దగ్గర ఆగింది. దీపకు ఫోన్ చేద్దామని కనకవ్వ అంది. అది నీ పక్షం సాక్షి అన్నాను. చివరికి పక్కింటి ఫజల్‌ను పిలిచాం. ఇరవై రెండేళ్లు దుబాయ్‌లో సామాన్ల గోడౌన్‌లో పనిచేసి వచ్చినవాడు. ఇంగ్లీషు చూడగానే చదువుతాడు.

ఫజల్ అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. పందెం ఏమిటని అడిగాడు. చెప్పాను. కార్డు కింద పెట్టి నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కను ఎందుకు పంపుతున్నవ్, భూమన్నా?"

ఉప్పు డబ్బా సంగతి చెప్పాను.

"ఉప్పుకు మనిషిని ఎల్లగొడ్తరా?" అన్నాడు.

అసలు సంగతి ఫజల్‌కు చెప్పేది కాదు. అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే దగ్గు. తెల్లవారుతుండగా వంటింట్లో ఆ దగ్గు వినబడుతుంది. సగం నిద్రలో నా భార్యను పేరు పెట్టి పిలిచి చాయ్ అడుగుతాను. చాయ్ వస్తుంది. తెచ్చేది ఈమె. ఏమీ అనకుండా గ్లాసు పెట్టి పోతుంది. రోజూ పొద్దున నా ఇంట్లో మళ్లీ ఒక చావు. మూడేళ్లకు ఎన్నో మీరే వేసుకోండి.

ఫజల్ వచ్చి కూర్చుని తీర్పు చెప్పాడు. మొదట ఎవరి చేతి నుంచి వచ్చిందో వాళ్లే ఓనర్, నా దగ్గర ఉన్నది కిరాయికి ఉన్నట్టు అన్నాడు. దుబాయ్ గోడౌన్‌లో అంతేనట. పెట్టె ఎక్కడ పెట్టినా దాని మీద ఎవరి పేరుంటే వాళ్లదేనట.

ఇది దుబాయ్ కాదు, ఆర్మూర్ అన్నాను. ఇక్కడ కాంటా అయ్యేదాకా సరుకు రైతుది, కాంటా దిగాక పెట్టుకున్నవాడిది. తర్వాత ఎండబెట్టినా, జాలీలో పోసి జల్లించినా, పురుగు పట్టకుండా చూసుకున్నా అంతా పెట్టుకున్నవాడే. పంట పండించిన రైతు వచ్చి మళ్లీ నాదంటే ఇస్తారా? ఇట్లా అరగంట మాట్లాడాను. నలభై ఏళ్ల అనుభవం. ఫజల్ అలిసిపోయాడు.

కనకవ్వ అంతసేపూ చచ్చిన కార్డులను వరస పెడుతూ విన్నది. చివరికి నెమ్మదిగా అడిగింది.

"అంటే తెచ్చినోళ్లది గాదు. దగ్గర ఉంచుకొని అర్సుకునేటోళ్లదే అంటవు."

"అంతే."

"మల్ల మాట మారుస్తవు."

"నేనా? కాయితం రాస్త."

"రాయి," అంది.

రాశాను. ఇక్కడ నా చేయి నన్ను ముంచింది. కార్డు అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. కానీ అడ్తి దుకాణంలో ఏ కాయితం రాసినా ఎదుటివాడు దూరడానికి సందు లేకుండా ఒకే వరస రాస్తాం. అది అలవాటు. కలం పెట్టగానే అదే వచ్చింది. ఇల్లు, జాగ, గొడ్డు, గోద, సరుకు, సామాను, కార్డులతో సహా ఏదైనా సరే, తెచ్చినవారిది కాదు, ఎవరి చేతిలో ఉండి ఎవరు చూసుకుంటున్నారో వారే దాని ఓనర్, ఇది మా ఇద్దరికీ సమ్మతం. కింద నా సంతకం. ఆమె వేలిముద్ర.

ఫజల్‌తో పైకి రెండుసార్లు చదివించుకుంది. సాక్షి సంతకం చేసే ముందు ఫజల్ కలం ఆపి, ఒకసారి ఆలోచించుకో అన్నాడు. నేను గెలుస్తుంటే ఓర్వలేకపోతున్నాడనుకున్నాను.

ఏనుగును పిలిచాను. ఎద్దును కొట్టాను. ఆమె ముందు వట్టి నేల మిగిలింది. మూడేళ్లలో మొదటిసారి నవ్వాను. అలవాటు తప్పి అది దగ్గులా వచ్చింది.

కనకవ్వ లేచి చీర దులుపుకుంది.

"ఓడిన," అంది. "ఇగ నా ఇంటికి నేను పోవాలె. పందెం అదే గద, ఫజల్?"

ఫజల్ అవునన్నాడు. ఆమె నా వైపు తిరిగి, పోయే ముందు నాలుగు మాటలు అడుగుతానంది. గెలిచినవాడికి ఓపిక ఉంటుంది. అడగమన్నాను.

మూడేళ్లుగా ఈ ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తున్నారని అడిగింది. నువ్వే అన్నాను. నల్లా వచ్చినప్పుడు నీళ్లు పట్టేది ఎవరని అడిగింది. నువ్వే అన్నాను. వానకు వెనక గోడ కూలితే మేస్త్రీని పిలిచి కట్టించింది ఎవరని అడిగింది. అప్పుడు నేను కాళ్లనొప్పులతో మంచం మీద ఉన్నాను. నువ్వే అన్నాను. ఈ జవాబులు ఎటు పోతున్నాయో అప్పటికి నాకు కొద్దిగా అర్థమైంది. కానీ సాక్షి ముందు అబద్ధం చెప్పలేం.

ఆమె నడుముకున్న తాళపుచెవుల గుత్తి తీసి చూపించింది.

"దవాఖానల మా చెల్లె గివి ఎవల చేతిల వెట్టింది?"

నేను అడ్డం పెట్టుకోవడానికి పేపరు కోసం చుట్టూ చూశాను.

"సెప్పు మరిదీ. నువ్వు ఆడనే ఉంటివి."

అక్కడే ఉన్నాను. మంచానికి ఇటు పక్కన. నా చేయి చాచే ఉంది. నా భార్య ఆ గుత్తిని నా చేతి మీదుగా దాటించి అటు పక్కనున్న అక్క చేతిలో పెట్టింది. ముప్పైనాలుగేళ్ల కాపురంలో ఆమె నాకు తీసిన తరుగు అదొక్కటే.

"నీ చేతిల," అన్నాను.

"ఏమన్నదో గూడ సెప్పమంటవా?"

వద్దన్నాను.

"ఇగ గా కాయితం సదువు, ఫజల్."

ఫజల్ చదివాడు. ఇల్లు అన్న మొదటి మాట దగ్గరే ఆపాడు. మిగతాది అవసరం లేకపోయింది.

కనకవ్వ కార్డులన్నీ ఏరి డబ్బాలో పెట్టింది. కాయితాన్ని నాలుగు మడతలు వేసి కొంగున ముడేసుకుంది. వసారా దాటి, గడప దాటి లోపలికి పోయింది.

"పోయిన," అంది లోపలి నుంచి. "నా ఇంటికి నేను పోయిన. మాట తప్పలె."

ఫజల్ చెప్పులు వేసుకుంటూ నా మొహం చూడలేదు. వాడి భుజాలు మాత్రం కదులుతున్నాయి. గోడ అవతలికి పోయాక వాడి పెళ్లాం తాజున్నీసా ఏమైందని అడగడం, వాడు చెప్పడం, ఆమె నవ్వు వినబడ్డాయి.

నేను వసారాలో కూర్చునే ఉన్నాను. కాసేపటికి కనకవ్వ గడపలోకి వచ్చి, తలుపు చట్రానికి ఆనుకుని నిలబడింది. ఇంటి మనిషి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు నన్ను పైనుంచి కింది దాకా చూసింది. మర్యాదగానే అడిగింది.

"ఇగ నువ్వు సెప్పు మరిదీ. ఎన్ని దినాలు ఉంటవు?"

ఆ ప్రశ్నకు ఈ రోజు దాకా నేను జవాబు చెప్పలేదు. ఆమెకే చెప్పలేదు, మీకేం చెబుతాను? చాయ్ తాగేశారు కదా, లేవండి. ఈ సంగతి ఇంకోసారి నా నోటి నుంచి రాదు.