మునగనంటే మునగనన్న పడవ

"కాలం ఎన్ని వేషాలు వేసినా కనిపెట్టగల మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే, బావమరిదీ! వాడు నీ ముందే ఉన్నాడు!" అని ప్రకటించి, బావ ప్రెస్సు గుమ్మానికి తల తగిలించుకున్నాడు.

బావ వృత్తి గడియారాలు బాగుచేయడం, ప్రవృత్తి అపరాధ పరిశోధన. రెండింట్లోనూ ఆయనకి విప్పడం బాగా వచ్చు, బిగించడమే రాదు. అయినా ఆయన బావమరిది, ఈ ప్రెస్సులో ప్రూఫ్ రీడరు, ఆయన్ని పిలిచాడంటే, పాపం, వేరే గతిలేకే.

అచ్చుకొచ్చిన నవలలో కథానాయకుడు వందేళ్లు వెనక్కి వెళ్లి, మునిగిపోబోయే పడవని కాపాడాలని చూస్తాడు. కాపాడలేడు. చరిత్ర మారదన్నదే నవల సారం. తీరా ప్రూఫు తీస్తే పడవ నిక్షేపంగా ఒడ్డు చేరుతోంది. ప్రూఫ్ రీడరు మూడుసార్లు ముంచాడు, మూడుసార్లూ తేలింది.

"సాయంత్రంలోగా ఇదెవరి పనో తేలాలి. లేకపోతే నిన్ను మాన్పించమని మీ ఓనరుకి చెప్తా!" అని రచయిత పక్కనే నిలబడి ప్రూఫ్ రీడరు మీద నిప్పులు కక్కుతున్నాడు.

"ఎవరో భవిష్యత్తు నుంచి వచ్చి చరిత్ర దిద్దుతున్నారు," అన్నాడు బావ గొంతు తగ్గించి. "కాలయంత్రం ఈ గదిలోనే ఉంది."

"ఈ గదిలో ఉన్నది ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను, బావా."

"ఫ్యాను మీద నాకు మొదట్నించీ అనుమానమే."

"కాస్త జరుగుతారా అన్నయ్యగారూ?" అంది టైపు చేస్తున్న డీటీపీ అక్క. ఇరవయ్యేళ్లుగా సొంతంగా కామా కూడా పెట్టని మనిషి.

"నీ పని నువ్వు కానీ తల్లీ, నీమీద అనుమానం లేదు," అని అభయమిచ్చి బావ ఫ్యానుని పరీక్షించడానికి స్టూలెక్కాడు. స్టూలు ఒరిగింది. బావ అరచెయ్యి కీబోర్డు మీద, కొట్టినదాన్ని వెనక్కి తిప్పే కంట్రోలునీ జెడ్‌నీ కలిపి నొక్కేస్తూ కిందికి జారింది.

తెరమీద ఇప్పుడే కొట్టిన 'ఒడ్డు చేరింది' మాయమై, 'మునిగిపోయింది' తిరిగొచ్చింది. అందరూ అక్కవైపు తిరిగారు.

"పడవలో మూడేళ్ల పాప ఉందండీ," అంది అక్క తలొంచుకుని. "ముంచుదామనే కూర్చుంటాను. ప్రతిసారీ చేతులు రావు."

"చెప్పానా, యంత్రం ఇక్కడే ఉందని!" అన్నాడు బావ బల్లకింద నుంచి.

తన ఉద్యోగం నిలిచిందని ప్రూఫ్ రీడరుకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే అక్క ఉద్యోగం గుర్తొచ్చి ఉసూరుమంది. "పోనీ, తప్పు నాదేనండీ," అనబోయాడు.

రచయిత వినిపించుకోలేదు. "పడవ మునక్కపోతే తర్వాతి నలభై పేజీలూ దండగమ్మా."

"తెలుసండీ."

"మళ్లీ రాయాలి."

రచయిత తెరకేసి చూసి, కుర్చీ లాక్కుని, పెన్ను తీశాడు.

"సరే. ఒడ్డు చేరాక ఆ పాప ఏం చేస్తుంది?"

"ముందు ఏదైనా తినిపించండి," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "ఎనభయ్యో పేజీ నుంచి ఆకలంటోంది."