మోలాండ్ వంశం రాయి

పొద్దున్నే హల్వర్ మోలాండ్ కొత్త ఉన్నికోటు తొడుక్కుని, పెరట్లో తెల్లగుడ్డ కప్పి నిలబెట్టిన రాయి చుట్టూ ప్రదక్షిణలు చేశాడు. "మోలాండ్ పొలం, మోలాండ్ పేరు, ఒకే రక్తం" అని చెక్కించిన రాయి అది. ఆ ఇంటిపేరున్న వాళ్ళంతా రమ్మని పేపర్లో వేయించాడు. వాళ్ళందరి ముందూ గుడ్డ లాగి, వంశానికి పెద్దననిపించుకోవాలని ఆయన ముచ్చట.

ముందుజాగ్రత్తగా, కింద గుడిసెలో ఉండే ఆస్లాక్ ప్లాసెన్‌ని కేకేశాడు. "ఒరే ఆస్లాక్! ఇవాళ నీ గొర్రెల్ని కట్టేసుకో. ఇది వంశం ఉన్నవాళ్ళ పండగ."

"అలాగేలే పెద్దమనిషీ. మాకు వంశమెక్కడిది, ఉన్నవి గొర్రెలేగా!"

పాతికమంది వస్తారనుకుని హల్వర్ భార్య సిగ్రిడ్ మీగడ జావ కాచింది. దిగినవి మూడు బస్సులు.

"మన వంశంలో తమరిది ఏ శాఖండీ?" అని మొదట దిగినాయన్ని హల్వర్ ఆప్యాయంగా అడిగాడు.

"శాఖా పాడా! మా తాత ఒక చలికాలం ఇక్కడ పందులకి కుడితి పోశాడు. ఏ పొలంలో ఉంటే ఆ పేరేగా అప్పట్లో! అదే పేరుతో అమెరికా ఓడెక్కాడు."

"మా ముత్తాత ఇక్కడ చెప్పులు కుట్టాడు," అంది పక్కావిడ. ఒకరికొకరు ఏమీ కారు. ఆకలి మాత్రం అందరిదీ ఒకటే.

సిగ్రిడ్ ఖాళీ గిన్నె చూపించింది. "ఏమయ్యా, నీ రక్తం నా గిన్నె నాకేసింది! పోయి ఆస్లాక్‌ని మీగడ అడుగు."

హల్వర్ తలొంచుకుని వెళ్ళి అడిగాడు. ఆస్లాక్ మీగడ క్యాను మోసుకుంటూ వచ్చాడు. వాకిట్లో కూర్చున్న హల్వర్ మేనత్త గుద్రున్ చేతులు చాపింది.

"రా నాయనా, మోలాండ్ బిడ్డా!"

"అత్తా, వాడు ప్లాసెన్!"

"నోర్ముయ్‌రా! వీడి ముత్తాతదే ఈ ఇల్లు. తాగి పొలం పోగొట్టుకుని ప్లాసెన్ అనే ఆ కింది గుడిసెకి దిగాడు, ఆ పేరే అంటుకుంది. మా తాత ఇక్కడికి గొర్రెలు కాయడానికొచ్చినవాడు. పొలం కొన్నాక పేరు ఊరికే వచ్చింది."

"హమ్మయ్య, అసలు మోలాండ్ ఒక్కడైనా దొరికాడు!" అంటూ బస్సుల జనం ఆస్లాక్‌ని రాయి దగ్గరికి ఎత్తుకెళ్ళారు. గుడ్డ అతనే లాగాడు. చప్పట్లు కొడదామంటే హల్వర్ చేతిలో జావ గరిటె ఉంది.

ఇప్పుడు ఆస్లాక్ గొర్రెలు ఆ రాయి చుట్టూనే మేస్తున్నాయి. హల్వర్ అదిలించడు. పుట్టింటికి వచ్చినవాటిని ఎవరు మాత్రం తరుముతారు?